తెల్లవన్నీ ఒక సీసాలో

అమ్మ ఒకే కోటుకు రెండు ఎడమ చేతులు కత్తిరించిన రోజున నేను పగలబడి నవ్వాను. "ఎవరమ్మా ఆ మహానుభావుడు, రెండు చేతులూ ఒకే వైపు మొలిచినవాడు?" అన్నాను. మామూలుగా అయితే టేపు తీసి నా వీపు మీద ఒకటి అంటించేది. ఆ రోజు మాత్రం ఆ గుడ్డముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కుడిది ఏది?" అని అడిగింది. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది.

మాది కోట్లు కుట్టే దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. గుడ్డ కత్తిరించేది అమ్మ, మిషను మీద కుట్టేది నేను, గుండీలూ కాజాలూ పిన్ని పని. పిన్ని అంటే అమ్మ చెల్లెలు. చిన్నప్పటి నుంచీ ఫిట్స్ ఉండటంతో పెళ్ళి చేసుకోలేదు, మిషను దగ్గరికీ ఎవరూ రానివ్వలేదు. పాత కోట్ల నుంచి ఊడదీసిన గుండీలను వేళ్ళతో తడిమి తడిమి, రంగుకు రంగు, సైజుకు సైజు గాజు సీసాల్లోకి ఏరి పెడుతుంది. ఇప్పుడు చూపు మందగించినా వేళ్ళు మందగించలేదు. ఒక్క గుండీ తప్పు సీసాలో పడిందంటే ఆవిడకు ఆ పూట తిండి సహించదు. అమ్మను మా దగ్గరికి వచ్చేవాళ్ళంతా కత్తెరమ్మ అంటారు. నన్ను వెనకాల ఏమంటారో కూడా నాకు తెలుసు. ముందు దీని నోటికి కుట్టు వెయ్యాలి అంటారట. వేసుకోమనండి చూద్దాం.

ఎడమ చేతులతో మొదలైంది, ఇక ఒకటా రెండా! అమ్మ మాట ముద్దముద్దగా వచ్చేది. నడుస్తూ నడుస్తూ బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయేది. పట్టపగలు కుర్చీలోనే కునుకు తీసి, లేచి, ఏనాడో పోయిన నాన్న ఇంకా పని నుంచి రాలేదేమని అడిగేది. ఒక రోజు వేడి ఇస్త్రీపెట్టెను గుడ్డ మీదే వదిలేసి వీధిలోకి వెళ్ళి నిలబడింది. పొగ చూసి పక్కనున్న చెప్పులు కుట్టే ఆయన పరిగెత్తుకొచ్చాడు కాబట్టి సరిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, సరిగ్గా ఆ రోజుల్లోనే పిన్నికి ఫిట్స్ తిరగబెట్టాయి. మాత్రలతో ఏళ్ళ తరబడి అణిగి ఉన్నవి మళ్ళీ తల ఎత్తాయి. ఇద్దరికీ వయసు మీద పడింది, అంతే అనుకున్నాను.

పొగ సంగతి తమ్ముడి చెవిన పడింది. వాడు డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. లోకంలో దేనికైనా బ్రేకు ఒక్కటే మందు అనుకుంటాడు.

"అమ్మని హోమ్‌లో చేర్పిద్దాం అక్కా. వచ్చే నెల ఒక గది ఖాళీ అవుతోందట, మనకే ఉంచమని చెప్పాను," అన్నాడు వచ్చీ రాగానే.

"అమ్మేమన్నా కారట్రా, షెడ్డులో పెట్టిరావడానికి?"

"ఇల్లు అంటుకున్నాక కూడా ఇలాగే జోకులేస్తావా? పైగా పిన్ని ఒకటి. ఇద్దర్నీ నువ్వొక్కదానివే ఎలా చూస్తావు?"

అమ్మ కిటికీ పక్కన కూర్చుని అంతా వింటూనే ఉంది. ఉన్నట్టుండి, "అక్కడికి నా కత్తెర తీసుకెళ్ళొచ్చా?" అంది.

తమ్ముడు నేల చూశాడు. "అలాంటి చోట కత్తెరలు ఉండనివ్వరమ్మా."

"అయితే నేను రాను," అంది అమ్మ. ఆ నెలంతా కలిపి ఆవిడ తడబడకుండా అన్న మాట అదొక్కటే. అది విన్నాక నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు. మిషను ముందు కూర్చుని కుట్టిన కుట్టే మళ్ళీ కుడుతున్నాను.

పెద్దాసుపత్రిలో ఒక లేడీ డాక్టరు ఇలాంటివాళ్ళను చూస్తోందని ఒక కస్టమరు చెబితే తీసుకెళ్ళాను. చిన్న గది. కిటికీకి పచ్చ పరదా, అంచు కుట్టు ఊడిపోయి వేలాడుతోంది. సూదీ దారం లేకుండా వచ్చినందుకు నా చేతులు దురద పెట్టాయి. డాక్టరు మా అమ్మకు కూతురి వయసుది. మూడు వస్తువుల పేర్లు చెప్పి గుర్తుపెట్టుకోమంది: గొడుగు, తాళం, నిమ్మకాయ. గడియారం బొమ్మ వేయమంది. తరువాత, "నూరులోంచి ఏడు తీసేయండమ్మా. మిగిలినదాంట్లోంచి ఇంకో ఏడు. అలా తీసేస్తూ పోండి," అంది.

"ఎందుకు తీసెయ్యాలి? మిగిలిన గుడ్డ దాచుకోవాలిగానీ," అంది అమ్మ.

డాక్టరు నవ్వింది. నేను కూడా నవ్వేదాన్నే, కానీ అమ్మ గీసిన గడియారం చూశాను. అంకెలన్నీ ఒక పక్కకు చేరి కుప్పగా పడి ఉన్నాయి. గుడ్డ మీద సుద్దగీత గీస్తే స్కేలు పెట్టి గీసినట్టు వచ్చే చెయ్యి అది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుపు వస్తే నాకు కోపం కూడా వస్తుంది. "ఈ చిన్నపిల్లల ఆటలతో రోగం తెలుస్తుందా?" అన్నాను.

ఆవిడ నొచ్చుకోలేదు. "కొన్ని పాత మత్తుమందులు మనసును ఎలా తికమక పెడతాయన్నదే నా పరిశోధన," అంది. "బార్బిట్యురేట్లు అంటారు. ఒకప్పుడు నిద్ర పట్టడంలేదంటే చాలు, ఇవే ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు ఎక్కువగా ఫిట్స్‌కే వాడుతున్నారు. పెద్దవాళ్ళ ఒంట్లో ఇవి పేరుకుపోతే అచ్చం మతి పోయినట్టే ఉంటుంది. తేడా ఏమిటంటే, మందు దిగితే మనిషి వెనక్కి వస్తారు. మీ అమ్మగారు ఏం మాత్రలు వాడతారు?"

"బీపీ మాత్ర. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అంతే."

"ఇంట్లో ఇంకెవరైనా?"

"మా పిన్నికి ఫిట్స్ మాత్రలున్నాయి. కానీ ఆవిడవి ఆవిడవే. ఆవిడ సంగతి మీకు తెలియదు, నల్ల గుండీకి, ముదురు నీలం గుండీకి చీకట్లో తేడా చెబుతుంది."

డాక్టరు అమ్మకు రక్తం తీయించింది.

తరువాతి వారం నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. అమ్మ రక్తంలో ఆ జాతి మందు ఉందట. కొంచెం కాదు, బాగానే ఉందట. "ఎవరూ ఇవ్వకుండా అది ఒంట్లోకి రాదు," అంది నా కళ్ళలోకి చూస్తూ. "పెద్దవాళ్ళు కుదురుగా ఉండటంలేదని ఇంట్లోవాళ్ళు ఇలాంటివి ఇవ్వడం నేను చాలాసార్లు చూశాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అంటే? మా అమ్మకు నేను మత్తుమందు పెడుతున్నానంటారా?"

"మీరేనని నేననలేదు. ఎవరో అన్నాను. వెతకండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. దొరికిందని ఒక్కసారిగా ఆపేయొద్దు. ఆపితే ఆవిడకే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. దొరకగానే నా దగ్గరికి తీసుకురండి."

ఆసుపత్రి నుంచి ఇంటిదాకా నడిచే వచ్చాను. బస్సులో కూర్చుంటే ఎవరితోనో ఒకరితో గొడవపడేదాన్ని. దారి పొడుగునా ఒక్కటే మాట బుర్రలో తిరిగింది. ఇస్త్రీపెట్టె గొడవైన రోజున మరదలు, అంటే తమ్ముడి భార్య, "ఏదైనా నిద్రమాత్ర వేస్తే అత్తయ్యగారు కుదురుగా ఉంటారేమో," అంది. అంది! నా చెవులతో నేను విన్నాను.

నా అదృష్టమో దాని దురదృష్టమో, నేను వెళ్ళేసరికి మరదలు దుకాణంలోనే ఉంది, స్కర్టు అంచు పొట్టి చేయించుకోవడానికి వచ్చి. అమ్మ కుర్చీలో కునుకుతోంది. పిన్ని బల్ల చివర గుండీల సీసాలు ముందేసుకుని కూర్చుంది.

"మా అమ్మకు ఏం మాత్రలు పెడుతున్నావు?" అన్నాను గుమ్మంలోంచే.

"ఏంటి వదినా?"

"రక్తంలో మత్తుమందు ఉందట. నిద్రమాత్ర వేద్దామంది ఈ ఇంట్లో నువ్వొక్కదానివే."

దాని మొహం ఎర్రబడింది. మెతకమనిషి అనుకుంటాం గానీ, మెతకమనిషికి కోపం వస్తే మాట తిన్నగా వస్తుంది. "అన్నాను. అన్నానే గానీ ఇవ్వలేదు. అయినా అత్తయ్యగారికి నా చేత్తో ఒక్క గ్లాసు మంచినీళ్ళు ఇవ్వనిచ్చారా మీరు, ఇన్నేళ్ళలో? నీళ్ళే ఇవ్వనివ్వనివాళ్ళు మాత్ర ఎలా ఇవ్వనిస్తారు?"

నాకు జవాబు చెప్పే వ్యవధి లేకపోయింది. పిన్ని, "అయ్యో, మీరిద్దరూ పోట్లాడుకోకండర్రా," అంటూ లేచి, అడుగు వేయబోయి, మధ్యలో బిగుసుకుపోయి పడిపోయింది. సీసా ఒకటి కింద పడి పగిలింది. గుండీలు గదంతా దొర్లాయి. మరదలే ముందు ఉరికి పిన్ని తల కింద ఆ స్కర్టు మడిచి పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టింది. నేను బల్ల జరిపాను. వంకర్లు తిరిగి తిరిగి, కాసేపటికి ఒళ్ళు వదులైంది. పిన్ని ఊపిరి తీరుగా వస్తోంది.

"మాత్ర వేసుకుందో లేదో. తెలివి వచ్చాక అడుగుదాం, మీరు తీసి ఉంచండి," అంది మరదలు.

పిన్ని మాత్రలు మేడ మీద అలమారలో ఉంటాయి. అట్టల్లోంచి మాత్రలు నొక్కి తీయడానికి ఆవిడ వేళ్ళు నొప్పి పెడతాయి, అందుకని కొన్న రోజునే అన్నీ విప్పి, గుండీల్లాగే రెండు గాజు సీసాల్లో పోసుకుంటుంది. అమ్మవి గులాబీరంగు మాత్రలు ఒక దాంట్లో, తనవి తెల్లవి ఒక దాంట్లో. అమ్మకు వేళకు మాత్ర తీసి ఇచ్చేది కూడా ఆవిడే. ఏళ్ళుగా అదే పద్ధతి, ఏనాడూ తేడా రాలేదు. నేను అలమార తెరిచాను. గులాబీ సీసాలో పిన్నీసులు ఉన్నాయి.

గులాబీ మాత్రలు ఎక్కడ?

అప్పుడు తట్టింది. చలికాలం మొదట్లో మందుల షాపువాడు, ఆ గులాబీ రకం రావడంలేదు, ఇది వేరే కంపెనీది, మందు అదే అని అట్టలు ఇచ్చాడు. నేనే తెచ్చి పిన్ని చేతిలో పెట్టాను. తెల్లవి. చిన్నవి.

తెల్ల సీసా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి అరచేతిలో కొన్ని పోసుకున్నాను. ఒక్కచూపుకు అన్నీ ఒకటే. వెలుతురులో పెట్టి చూస్తే, కొన్నిటికి మధ్యన గీత ఉంది, కొన్నిటికి లేదు. పిన్ని తన జన్మంతా చేసిన పనే చేసింది. రంగుకు రంగు, సైజుకు సైజు. తెల్లవన్నీ ఒక సీసాలో. దాంట్లోంచే అమ్మకు పొద్దునా రాత్రీ తీసి ఇచ్చింది, దాంట్లోంచే తనూ వేసుకుంది. అమ్మకు పిన్ని మందు, పిన్నికి అమ్మ మందు. ఒకరికి మతి తప్పింది, ఒకరికి ఫిట్స్ తిరగబెట్టాయి. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు నేనేమో మరదలి మీద పడ్డాను.

కిందికి దిగివచ్చేసరికి మరదలు నేల మీద గొంతుక్కూర్చుని గుండీలు ఏరుతోంది. "క్షమించవే," అన్నాను. "ఏరండి ముందు, పిన్నిగారు లేస్తే గోల చేస్తారు," అంది. నేనూ కూర్చున్నాను.

డాక్టరు సీసాలోని మాత్రలు బల్ల మీద పోసి, రెండు రకాలూ వేరు చేసి చూసింది. నా మీద అనుమానపడినందుకు మన్నించమంది. నేను కూడా ఒకరిని మన్నించమని అడిగే వచ్చానులెండి అన్నాను. పిన్ని మందు ఎంతెంత వేసుకోవాలో మళ్ళీ సరిచేసింది. అమ్మది మాత్రం కొంచెం కొంచెంగా తగ్గించాలంది. "ఓపిక పట్టాలి. తగ్గించేటప్పుడు నిద్ర ఉండదు, చేతులు వణుకుతాయి, చిరాకు పడతారు. చూసేవాళ్ళకు ఇంకా ముదిరిందేమో అనిపిస్తుంది. కానీ దారి అదే."

మాత్రలన్నీ నా దగ్గరికి తెచ్చుకున్నాను. పిన్నికి మాత్రం నిజం చెప్పలేదు. కొత్త డాక్టరు, అన్నీ అట్టల్లోనే ఉంచి నన్నే ఇమ్మంది అన్నాను. చెబితే ఆ మనిషి ఇక గుండీ ముట్టదు. గుండీ తీసేస్తే పిన్నికి ఇంకేం మిగలదు.

ఆ వారాలు ఎలా గడిచాయో పగవాళ్ళకు కూడా వద్దు. అమ్మ కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది. మెట్లు దిగేది, ఎక్కేది. కిటికీ తెరిచేది, మూసేది. బల్ల మీది గుడ్డ తానులను ఇటువి అటు, అటువి ఇటు సర్దేది. వెనకాలే నేను. నా వెనకాల పిన్ని. ముగ్గురం ఒకరి వెనక ఒకరం, రైలాట ఆడుతున్నట్టు. కుట్టాల్సిన కోట్లు కొక్కేలకే వేలాడుతున్నాయి. తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా, "తగ్గిందా? గదికి డబ్బు కట్టెయ్యమంటున్నారు," అనేవాడు. "మందు మార్చారు, తగ్గుతోంది," అనేదాన్ని. అలా అంటుండగానే వెనకాల అమ్మ వణికే చేత్తో గ్లాసు జారవిడిచిన చప్పుడు వాడికి వినబడేది. తల ప్రాణం తోకకు వచ్చిందంటే నమ్మండి. డాక్టరు చెప్పింది నిజం కాకపోతే? అమ్మకు నిజంగానే మతి పోయి ఉంటే? ఈ ప్రశ్న నేను ఎవరితోనూ అనలేదు. అంటే నిజమైపోతుందేమోనని భయం.

ఒక పొద్దున నేను మిషను మీద కాలరు కుడుతున్నాను. వెనక నుంచి వీపు మీద టేపు చురుక్కున తగిలింది.

"ఏంటే ఆ కుట్టు? తాగి నడిచినట్టు పోతోంది," అంది అమ్మ.

నేను మిషను మీద తల పెట్టి ఏడ్చాను. "ఓసినీ, ఇంతోటి దానికి ఏడవాలా?" అని అమ్మ నా నెత్తి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఇంకా కొద్దిగా వణుకుతూనే ఉంది. ఆ రోజే పట్టుబట్టి నా నోటినుంచి జరిగిందంతా రాబట్టింది. విని, కిటికీ అవతలకు చూస్తూ, "దానికి చెప్పకు," అంది.

గది విషయం తేల్చుకోవడానికి తమ్ముడు వచ్చిన రోజునే డాక్టరు కూడా మా దుకాణానికి వచ్చింది, తన పరిశోధనకు అమ్మను మళ్ళీ పరీక్షించడానికి. అమ్మ కత్తిరించే బల్ల ముందు నిలబడే అన్నిటికీ జవాబులు చెప్పింది. నూరులోంచి ఏడేడు తీసేస్తూ ఆగకుండా కిందికి దిగింది. గడియారం గీసింది. మూడు వస్తువులూ చెప్పి, "పోయినసారివి కూడా చెప్పనా? గొడుగు, తాళం, నిమ్మకాయ. ఎప్పుడూ పనికిరాని వస్తువులే అడుగుతారేం?" అంది. డాక్టరు నవ్వుతూ తమ్ముడి వైపు తిరిగింది. "మతి పోలేదండీ. మందు వల్లే. ఇప్పుడు బాగున్నారు."

తమ్ముడి మొహంలో వెలుగు చూశాను. వాడు చెడ్డవాడు కాదు. భయస్థుడు, అంతే. కానీ భయస్థుడికి ప్రశ్నలు ఎక్కువ.

"అసలు అమ్మ ఒంట్లోకి ఆ మందు ఎలా వెళ్ళింది? అక్క సరిగ్గా చెప్పదు."

"పిన్ని మాత్రలు, అమ్మ మాత్రలు కలిసిపోయాయి," అన్నాను.

"వాటికవే కలిసిపోతాయా? ఎవరు కలిపారు?"

కాజా కుడుతున్న పిన్ని సూది ఆపింది. "అవును, ఎవరు కలిపారే? సీసాలు నేను చూసుకునేదాన్నే కదా..." అంటూ ఆలోచనలో పడింది. ఆవిడ వేళ్ళు బల్ల మీద తడుముతున్నాయి, ఏదో సీసా వెతుకుతున్నట్టు. ఇంకొక్క క్షణం అలా వదిలేస్తే ఆవిడకే తట్టేది. తమ్ముడికి తెలిస్తే, అమ్మకు చూసిన గదిలోకి పిన్ని వెళ్ళేది.

"నేనే," అంది అమ్మ. "నేనే రెండూ కలిపి పోశాను."

డాక్టరు ఏదో అనబోయి, అమ్మ కళ్ళు చూసి ఆగిపోయింది.

తమ్ముడు మాత్రం వదల్లేదు. "కలిపినప్పుడు నీకు బుర్ర బాగానే ఉందిగా అమ్మా? మందు లోపలికి వెళ్ళింది ఆ తరువాత కదా?"

వాడు అడిగింది సరైన ప్రశ్నే. దానికి ఒక్కటే జవాబు ఉంది, అది అమ్మ తన నోటితో తనే చెప్పుకోవాలి.

"అప్పటికే పెద్దదాన్ని అయిపోయాన్రా," అంది అమ్మ. "చెయ్యి తప్పింది. చూసుకోలేదు."

మొన్నటిదాకా మెట్ల మీద వణుకుతూ తిరిగి, ఇంత పోరాడి, నా బుర్ర బాగానే ఉందని ఇప్పుడే నలుగురి ఎదుట రుజువు చేసుకున్న మనిషి. నాకు నాలుక చివరి దాకా వచ్చింది నిజం. అమ్మ నా వైపు చూసింది. అంతే, మింగేశాను.

"మరి ఇలాంటి చేత్తో ఇంకా ఇది వాడతావా?" అన్నాడు తమ్ముడు మెల్లగా, బల్ల మీది కత్తెర చూపిస్తూ. "నువ్వు ఇంట్లోనే ఉండమ్మా, గది వద్దని చెప్పేస్తాను. కానీ నాకు భయమేస్తోంది. ఇది మాత్రం మానెయ్యి."

అమ్మ కత్తెర చేతిలోకి తీసుకుంది. ఒకసారి తెరిచి, మూసింది. తరువాత బల్ల మీదుగా నా వైపు తోసింది. "ఇకనుంచి మీ అక్క కత్తిరిస్తుంది. నేను గీతలు గీస్తాను."

పిన్నికి ఇదంతా పట్టలేదు. ఆవిడ మొహం తేటపడింది. "అదీ సంగతి! నీ చేతికి ఇస్తే ఇంతేనే అక్కా, పొరపాటున కూడా ఇకమీదట సీసాల జోలికి రాకు. నా చేతిలో ఏళ్ళ తరబడి ఒక్కటంటే ఒక్కటి తేడా వచ్చిందా?" అని చెడామడా తిట్టింది.

"రాలేదు తల్లీ. ఎప్పుడూ రాలేదు," అంది అమ్మ.

నేను కత్తెర అందుకున్నాను. పిడి ఇంకా అమ్మ చేతి వేడితోనే ఉంది. అమ్మ గుడ్డ మీద సుద్దతో కుడి చేతి గీత గీసి, పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. "నోరు మూసుకుని కత్తిరించు," అంది.

కత్తిరించాను.